గెడ్డం సందుల్లోంచి పోయిన గాలి

తమ్ముడూ,

ఈరోజు నీ తద్దినం. గోల్‌బజార్‌లో మన కొట్టు తియ్యలేదు. నీతోపాటు నదిలో మునిగి వంతెన స్తంభాలు తనిఖీ చేసే సూరిబాబు భోజనానికి వచ్చాడు. అక్కనైన నన్ను వాడూ నీలాగే అప్పా అనే పిలుస్తాడు. చేతులు కడుక్కుంటూ, "అప్పా, ఆడి మొక్కు తీర్సేసినారా?" అన్నాడు.

"ఏ మొక్కురా?"

సూరిబాబు తెల్లబోయాడు. "మీరు టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నప్పుడు మొక్కినాడు గదా. మీకు తగ్గితే సింహాచలం ఎల్లి తలనీలాలిస్తానని. అందాకా గెడ్డం తియ్యనన్నాడు."

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు, "ఏటిరా, సన్నాసుల్లో కలుస్తావా?" అని నిన్ను వెక్కిరించాను. "సలికి మఫ్లరప్పా" అని నవ్వావు.

మిగతాది నేనే అడిగాను. మునిగేటప్పుడు మొహమంతా కప్పుతూ పెట్టుకునే మాస్కు రబ్బరు అంచు చర్మానికి అతుక్కుని ఉండాలట. గెడ్డం ఉంటే సందుల్లోంచి గాలి బుడగలుగా పోతూనే ఉంటుందట. వీపుకి కట్టుకున్న గాలి సిలిండరు తొందరగా ఖాళీ అయిపోతుందట.

"గీసేసుకోమని మేస్త్రీ కూడా సెప్పినాడప్పా. ఇన్లేదు. సెలవు దొరకగానే ఎల్లిపోతానన్నాడు" అని సూరిబాబు ఏడ్చాడు.

నువ్వు నీళ్లలోంచి ప్రాణాలతో పైకి రాకపోతే, సిలిండరులోనే ఏదో లోపమని ఇన్నేళ్లూ అనుకున్నాను. నన్ను బతికించిన స్వామికి రోజూ దీపం పెట్టాను. ఈ సాయంత్రం దీపం పెట్టి, దణ్ణం పెట్టకుండానే వచ్చేశాను.

రేపు మెయిలు రైలుకి సింహాచలం వెళ్తున్నాను. నీ జుట్టు బదులు నా జుట్టు ఇస్తాను. అప్పకి తగ్గిందని స్వామికి చెప్పాల్సిన వాడివి నువ్వు. ఆ మాట కూడా నేనే చెప్పి వస్తాను.

అప్ప