నేను పోలేదని మనవి

బాచుపల్లి,
మంగళవారం.

గౌరవనీయులైన లింగమూర్తి గారికి,

భీమేశ్వరరావు నమస్కరించి రాయునది. నేను క్షేమం. ఇది ఉత్తరాల్లో అందరూ మొదట రాసే మాటే గాని, ఈసారి అసలు విషయం కూడా అదేనండి.

మా అమ్మాయి సంయుక్త ఇంటికొచ్చి కాలు బెణికించుకున్నాను. కట్టు కట్టారు. ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు చెడిపోయింది. ఈ పొద్దున అమ్మాయి ఫోనుకి ఎవరో ఒక బొమ్మ పంపారు. చూస్తే మెడలో దండతో నా ఫొటో, కింద మన అపార్ట్‌మెంట్ గ్రూపు వాళ్లంతా వరసగా 'ఓం శాంతి'. మొదటిది మీదే. అది నిరుడు నా షష్టిపూర్తి ఫొటో. ఆ దండ పడ్డప్పుడు మీరు పక్కనే ఉన్నారు, పూర్ణాలు బాగున్నాయని మెచ్చుకున్నారు కూడా.

గ్రూపులో రాద్దామంటే నన్ను తీసేశారు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. మా జయలక్ష్మి మన ఆడవాళ్లతో బస్సులో అరుణాచలం వెళ్లింది, ఆవిడ ఫోను ఆపేసి ఉంది. ఆవిడ గుండెకు నిరుడే స్టెంటు వేశారు. నా చావు గురించి నాకు బెంగ లేదు, అది ఆవిడ చెవిన పడుతుందనే భయం. వెంటనే గ్రూపులో నిజం చెప్పండి. మా అల్లుడు శ్యామ్ హైటెక్ సిటీ ఆఫీసుకు వెళ్తూ ఈ ఉత్తరం గేటు దగ్గర ఇస్తాడు.

ఇట్లు,
ఇంకా ఉన్న
భీమేశ్వరరావు

తా.క.: బి బ్లాకు ట్యాంకు పొంగుతూ ఉంటుంది. మోటారు కట్టేయమని వాచ్‌మన్ ఎల్లయ్యకు చెప్పండి.

●

చందానగర్,
బుధవారం.

చిరంజీవి సంయుక్తకు,

లింగమూర్తి అంకుల్ ఆశీస్సులు. నాన్నగారి పేరుతో నువ్వు రాసిన ఉత్తరం అందింది. చేతిరాత కూడా అచ్చం ఆయనదే. దుఃఖంలో మనిషి ఇలాగే పరేషాన్ అవుతాడమ్మా. మా తమ్ముడు పోయినప్పుడు నేను నెల రోజులు వాడి చెప్పులు తుడిచి పెట్టాను.

ఆయన నంబరు నుంచి ఇంకా ఫోన్లు వస్తున్నాయి. పోయినవారి నంబరు ఎత్తితే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందని గ్రూపులో వచ్చింది కనక ఎవరం ఎత్తడం లేదు. ఆయన మాట్లాడే వీడియో కూడా వచ్చింది. ఈ కాలంలో అలాంటివి తయారు చేస్తారట. నేను మాత్రం రెండుసార్లు చూసి ఏడ్చాను.

గ్రూపును తప్పుపట్టకు. పోయిన వానల్లో సెల్లారులోకి నీళ్లొస్తే టీవీ కంటే ముందు చెప్పింది అదే. అందరి బండ్లూ బయటపడ్డాయి. పైగా ఈ వార్త దారినపోయేవాళ్లది కాదు, మీ ఇంటి మనిషే పెట్టారు.

అమ్మ గురించి ఫికర్ వద్దు. ఆమెకు అన్నీ తెలుసు. చాలా నిబ్బరంగా ఉన్నారని బస్సులోంచి కనకమ్మ రాసింది. నిన్న పులిహోర రెండోసారి కూడా పెట్టించుకున్నారట. ఆదివారం క్లబ్‌హౌస్‌లో సంతాప సభ.

మీ దుఃఖంలో భాగస్థుడు,
లింగమూర్తి,
గ్రూపు అడ్మిన్

తా.క.: మీ ఆయన హెల్మెట్ కూడా తీయకుండా 'మామయ్య బాగున్నారు' అని ఎల్లయ్యతో చెప్పి వెళ్లాడట. ఎక్కడున్నా ఆయన బాగుండాలనే మేమూ కోరుకునేది.

●

బాచుపల్లి,
గురువారం.

లింగమూర్తి గారికి,

నమస్కారం చివర్లో పెడతాను, అప్పటికి కోపం తగ్గితే.

నా చావు మీ గ్రూపు దాటిపోయింది. ఒక పేజీవాళ్లు నేను హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని పోయానన్నారు. సాయంత్రానికి ఇంకొకరు అదే ఫొటో పెట్టి 'పని ఒత్తిడికి యువ టెకీ బలి' అన్నారు. ముప్ఫై ఏళ్లు విద్యుత్ శాఖలో చేశానండి. పని ఒత్తిడి అనే నింద నా మీద ఎవరూ వేయలేదు.

ఇంటి మనిషే పెట్టారన్నారు. అయితే అల్లుడే. నేను వచ్చిన దగ్గర్నుంచి టీవీ రిమోటు నా చేతిలోనే ఉందని అతనికి లోపల మంటగా ఉంది. అందుకే ఈ ఉత్తరం పాలాయన చేత పంపుతున్నాను. పేరు రాసి పంపండి, సైబర్ క్రైమ్ వాళ్లకు ఫిర్యాదు ఇస్తాను.

పులిహోర మాట చదివాక నాకు అన్నం సహించలేదు. ఆవిడ గుండె తట్టుకోదని నేనిక్కడ వణుకుతుంటే, నేను పోయానని తెలిసీ రెండోసారి పెట్టించుకుందా? ముప్ఫై అయిదేళ్ల కాపురం మాది. ఏడవకపోతే పోనీ, ఒక్కపూట మానేయొచ్చు కదండీ.

భీమేశ్వరరావు

తా.క.: కోపం తగ్గలేదు. మోటారు సంగతి ఏం చేశారు?

●

చందానగర్,
శుక్రవారం.

మహారాజశ్రీ భీమేశ్వరరావు గారికి,

వేయి నమస్కారాలు. మీరు బతికే ఉన్నారు. చేతిరాతను ఎవరైనా దింపగలరు. కానీ తన చావు కబురు కింద తా.క. రాసి మరీ రెండుసార్లు మోటారు గురించి అడిగే మనిషి ఈ చందానగర్ మొత్తానికి మీరొక్కరే. చదివి ఉత్తరం ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. మా ఆవిడ వచ్చి, "ఏందయ్యా, ఎవరన్నా పోయిండ్రా?" అంది. "పోలే. మన రావుగారు తిరిగొచ్చిండు" అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

మీరు బతికే ఉన్నారని గ్రూపులో పెట్టాను. ఇది ఫేక్ న్యూస్ అని కొందరు నన్నే తిట్టారు. ముగ్గురు అలవాటు కొద్దీ 'ఓం శాంతి' అన్నారు.

పేరు మాత్రం నన్ను అడగకండి, ఫిర్యాదూ ఇవ్వకండి. జర ఓపిక పట్టండి, ఆ మనిషే రేపు మీ దగ్గరికి వస్తున్నారు. పాపం అల్లుణ్ణి ఏమీ అనకండి.

మీ
లింగమూర్తి

తా.క.: మోటారు కట్టించాను. సంతాప సభకు సమోసాలు చెప్పేశాం. మీరొస్తే దాన్నే సన్మాన సభ చేస్తాం.

●

బాచుపల్లి,
ఆదివారం.

మిత్రులు లింగమూర్తి గారికి,

జయలక్ష్మీ భీమేశ్వరరావు దంపతుల నమస్కారాలు.

నన్ను చంపింది మా ఆవిడేనండి.

నిన్న బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. ఒక్కో అంతస్తులో కూర్చుని అలుపు తీర్చుకుంటూ పైకెక్కి, గుమ్మంలోనే నన్ను నిలదీసింది. "అంత మంచి ఫొటో పెడితే ఒక్క మాటైనా అనరేమండీ?"

సోమవారానికి మా షష్టిపూర్తి అయి ఏడాదట. ఇద్దరం దండలతో ఉన్న ఫొటో తీసి, అందులో తన కళ్లు మూసుకుపోయాయని తనను కత్తిరించేసి, నన్ను మాత్రం గ్రూపులో పెట్టింది. ఫోనులో తెలుగు రాయడం ఆవిడకు రాదు. పెట్టగానే చార్జింగ్ అయిపోతుందని ఫోను ఆపేసింది.

భార్యే దండ వేసిన ఫొటో పెడితే మీరైనా ఏమనుకుంటారు? బస్సులో ఆవిడకు ముందు సీటు ఇచ్చారట, చెయ్యి పట్టుకుని నడిపించారట. తెలంగాణ ఆడవాళ్ల ప్రేమే వేరని ఇప్పటికీ మురిసిపోతోంది. ఇంటికి వెళ్లిపోదామా అని కనకమ్మ గారు అడిగితే, "మొక్కు తీరనీండి, ఆయనెక్కడికి పోతారు, వెళ్లేసరికి ఇంట్లోనే ఉంటారు" అందట. పాపం కనకమ్మ గారు భోరుమన్నారట.

ఆ తేదీ నాకు గుర్తే లేదు. ఆవిడ కొండ చుట్టూ తిరుగుతూ కూడా మర్చిపోలేదు. చెప్పొద్దూ, నాలుగు రోజులుగా గుండెల మీదున్న బరువంతా దిగిపోయింది. అల్లుడికి రిమోటు ఇచ్చేశాను. రాగానే ఆవిడ పులిహోర కలిపింది. నేనూ రెండోసారి పెట్టించుకున్నాను.

ఇట్లు,
చిరంజీవి
భీమేశ్వరరావు

తా.క.: జరిగింది ఆవిడకు ఇంకా చెప్పలేదు. ఈ సాయంత్రం మా ఇద్దరి ఫొటో పెడతానంటోంది. లింగమూర్తి గారూ, దయచేసి ఈసారి మొదటి మాట మీరు రాయకండి.