ఓడినవాళ్ళే రిఫరీ

అక్కా,

ఫోన్‌లో అయితే ఏడ్చేస్తాను, అందుకే ఉత్తరం. డెన్వర్ రాకెట్‌బాల్ టోర్నమెంటులో మొదటి ఆటే ఓడిపోయాను. నువ్వూ ఆడినదానివేగా, ఓడినవాళ్ళే తర్వాతి ఆటకు రిఫరీ. తీరా చూస్తే ఆ ఆట మా జట్టు కోరినాదే.

ఇంకొక్క పాయింటు వస్తే తనదే గెలుపు. తను కొట్టిన బంతి ముందుగోడకు తగిలేలోపే నేలను రాసుకుంది. అవతలి పిల్ల చూడలేదు, చేయి కలపడానికి వచ్చేసింది కూడా. నేను మాత్రం "నేల తాకింది, ఈ పాయింటు చెల్లదు" అన్నాను. అక్కణ్ణుంచి కోరినా తేరుకోలేక ఓడిపోయింది.

"నువ్వు ఓడింది చాలక నన్నూ లాగావేంటే?" అంది. వ్యాన్‌లో నెబ్రాస్కాకు తిరిగొచ్చేటప్పుడు, ఎప్పుడూ సాండ్‌విచ్‌లో సగం నాకు పెట్టే మనిషి, మొత్తం తనే తినేసింది.

కోచ్ హాలిస్టర్ అయితే అందరి ముందూ నా భుజం తట్టి, "నిజాయితీ అంటే ఇదర్రా, చూసి నేర్చుకోండి" అన్నాడు. అదే మింగుడుపడటం లేదు.

నా ఆటలో నా బంతీ ఒకసారి అలాగే నేలను రాసుకుంది, అక్కా. రిఫరీ చూడలేదు. నేను నోరు మెదపలేదు.

అలసిపోయిన
నీ చెల్లెలు