ఎడమచేతి లేసు

శుక్రవారం, రాజమండ్రి

రత్నం అత్త అల్లిన లేసు చక్రం ఇవాళ గోడంత అయింది. దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో పెంచి, ఆ గీతల ప్రకారం లావు దారంతో నేనే అల్లాను. వెనక చిన్న లైట్లు. అత్త ఏ కుట్టు తర్వాత ఏది వేసిందో అదే వరసలో వెలుగుతాయి.

లైట్లు బిగించే శ్రీనివాస్ గారు చూసి, "మీరు అల్లింది ఇటు నుంచి కదండీ. ఇవి అటు తిరిగేలా ఉన్నాయి. మార్చేస్తానుండండి" అన్నారు.

"వద్దండి. మా అత్తది ఎడమచేతి వాటం."

మొగల్తూరులో అత్త నాకు ఎదురుగా కూర్చుని నేర్పేది. అలా కూర్చుంటే ఆవిడ ఎడమ చెయ్యి, నా కుడి చెయ్యి అద్దంలోలా కలిసి నడిచేవి. వరస పూర్తయ్యాక "అర్థమైందటే?" అనేది. అర్థమైనా కాలేదనేదాన్ని, మళ్ళీ మొదటి నుంచి చేసి చూపిస్తుందని.

రేపు ప్రదర్శన చూడ్డానికొచ్చేవాళ్ళు లైట్లు బాగున్నాయంటారు. అందులో ఒక మనిషి చెయ్యి ఉందని ఎవరికి తెలుస్తుంది? తెలియాలా అసలు...

ఆయన స్విచ్ వేశారు. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. వెలుగు నడిమి నుంచి బయలుదేరి, కుట్టు కుట్టుకీ ఆగుతూ అంచు దాకా వచ్చి ఆరిపోయింది. చేతిలో సూది లేకపోయినా నా కుడి చెయ్యి దాంతో పాటే కదిలింది.

"సరిగ్గా వచ్చిందాండి?" అన్నారాయన.

"అర్థం కాలేదండి" అన్నాను. "మళ్ళీ మొదటి నుంచి వెయ్యండి."