గంటె పట్టిన తమ్ముడికి

తమ్మీ, నీ భార్య సువర్ణను, పాపను తీసుకుని చైతన్యపురిలో డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాను. బస్సులు సమ్మెలో ఉన్నాయని ఆటో మాట్లాడాను. అన్నం వండలేదు. వండుకో, నీకు బాగానే వచ్చు కదా.

ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం చేసిన వంటా వార్పులో గంటె పట్టుకున్న నీ ఫోటో నిన్న పేపర్లో పడింది. గల్లీ అంతా తిప్పి చూపించావు. రోడ్డు మీద మూడొందల మందికి కిచిడీ వండిన మహానుభావుడివి, కుట్లు మానక గోడ పట్టుకుని నడుస్తున్న బాలింతకు ఇంట్లో ఒక్క గ్లాసు వేడినీళ్లు ఇచ్చావా?

ఆమెకు వారం రోజులుగా నిద్ర లేదు. ఊరికే ఏడుస్తోంది. పాపను ఎత్తుకోవాలంటే చేతులు వణుకుతున్నాయి. నీకు చెబితే ఏమన్నావు? "బాలింతలకు గట్లనే ఉంటదక్కా, అదే సదురుకుంటది. ముందు తెలంగాణ రానీ."

నీ ఫోటో చూసి సువర్ణ నన్ను అడిగింది: "వదినె, నేను గూడ పోయి రోడ్డు మీద కూసుంటే నా దిక్కు సూస్తడా?"

సాయంత్రం వస్తాం, ఆ జవాబేదో నువ్వే చెప్పు.

అక్క

దండెం మీద పాప గుడ్డలు ఎండాయి, తీసి మడత పెట్టు. ఫోటో తీయడానికి ఎవరూ రారు. అయినా పెట్టు.