ఆటలో ముసలమ్మకు నా గొంతు

బుజ్జమ్మా,

నువ్వు ఈ అమ్మను వదిలి దేవుడి దగ్గరికి పోయి రేపటికి ఏడాది. ఇవాళ జరిగింది నీకు చెప్పకుండా ఉండలేను. జపాన్ బొమ్మల సీరియల్ మీద చేసిన కొట్లాట ఆట, నువ్వు ఫోన్‌లో ఆడేదానివే, అది తెలుగులోకి వస్తోంది! ఫిలింనగర్‌లో నేను ఊడ్చే డబ్బింగ్ థియేటర్‌లోనే మాటలు చెప్పిస్తున్నారు. ఆటలో నువ్వెప్పుడూ ఎంచుకునే ముసలమ్మకు గొంతు ఇవ్వాల్సినావిడ రాలేదని డైరెక్టర్ సారు నన్ను పిలిచారు.

చప్పుడు పడుతుందని గాజులు తీయించి మైకు ముందు నిలబెట్టారు. శత్రువును కొట్లాటకు పిలుస్తున్నట్టు "రారా" అని అరవమన్నారు. అద్దం అవతల సారు కనబడుతుంటే నోరు రాక, "రండి" అన్నాను. అందరూ ఒకటే నవ్వు.

"ఏందక్కా, చుట్టాన్ని పిలుస్తున్నవా? గా దుష్మన్‌గాడు నీ బిడ్డ మీదికొస్తుండనుకో!" అన్నారు సారు.

ఇంక నాకేమీ కనపడలేదు. "నా బిడ్డను ముడ్తవా? రారా, నీ సంగతి జూస్త!" అని అరిచాను. మిషన్ దగ్గరున్నాయన హెడ్‌ఫోన్లు పీకేసుకున్నాడు.

"ఓకే! గదే ఉంచుర్రి!" అని సారు చప్పట్లు కొట్టారు.

ఇక ఆ ముసలమ్మతో ఎవరు ఆడినా నా గొంతే వినపడుతుంది బుజ్జమ్మా! నువ్వుంటే ఈ ఆట ధ్యాసలో కంచం ముందు పెట్టుకుని మరిచిపోయేదానివి. అక్కడ అలా చేయకు. వేళకు కడుపునిండా తిను.