షిఫ్టు దిగని గొంతు

గ్రాన్‌విల్, మాంటెగో బే,
మార్చి 13, 2019.

గౌరవనీయులైన మిస్ తలక్ గారికి,

ఐసిల్డా బ్రామర్ నమస్కారాలు. ఇక్కడ క్షేమమని రాయడం మర్యాద కనుక రాస్తున్నాను, మీరు నమ్మనక్కర్లేదు. మీ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను.

మా అమ్మాయి కెరీషా మీ శిక్షణ కేంద్రంలో అమెరికా వాళ్ళలా ఫోనులో మాట్లాడటం నేర్చుకుని కాల్ సెంటర్లో చేరింది. ఏడాది తిరక్కుండానే, షిఫ్టు దిగి వస్తూ టాక్సీ బోల్తాపడి చనిపోయింది. ఆత్మను సాగనంపే తొమ్మిదో రాత్రికి మీరూ వచ్చారు. చేపలు వేయించి పెట్టాను, తెల్లవార్లూ పాడాం. దాని ఆత్మ తిరిగొచ్చినా గది గుర్తుపట్టకూడదని మంచం, బీరువా అటువి ఇటు మార్చేశాం. పద్ధతి ప్రకారం సాగనంపాం.

మీరు మాత్రం సాగనంపలేదు. అది చదువుకునే రోజుల్లో దాని గొంతుతో రికార్డు చేసిన పాఠాలే ఇప్పటికీ వినిపిస్తున్నారు. నిన్న మీ కిటికీ పక్కన నిలబడి విన్నాను. అది ఒక మాట అంటుంది, గదినిండా ఆడపిల్లలు అదే గొంతుతో తిరిగి అంటారు. చచ్చిపోయిన పిల్ల అంతమంది నోళ్ళలోంచి మాట్లాడుతుంటే ఏ తల్లి తట్టుకుంటుంది చెప్పండి?

విద్యాశాఖ అధికారి దగ్గరికీ వెళ్ళాను. కొత్త విధానం కింద ఆ పాఠాలు దేశంలోని బళ్ళన్నిటికీ వెళ్తాయట. ప్రపంచంలో ఎవరితోనైనా పోటీపడే పనివాళ్ళు మన దగ్గరే తయారవుతారట. పాపం, ఓపికగానే చెప్పాడు.

"మీ అమ్మాయి గొంతు ఇప్పుడు దేశం ఆస్తి అమ్మా," అన్నాడు.

"చచ్చినా దాన్ని డ్యూటీ దిగనివ్వరా నాయనా?" అన్నాను.

ఆయన టీ తెప్పించాడు. నేను తాగలేదు.

సోమవారం ఆ పాఠాలు రాజధాని కింగ్‌స్టన్ వెళ్తున్నాయని తెలిసింది. తయారుచేసింది మీరే కనుక ఈలోగా మీరే చెరిపేయండి. దానికి శాంతి లేదు. రోజూ వచ్చి గుమ్మంలో నిలబడుతోంది. నాకు కంటిమీద కునుకు లేదు.

మీ మేలు మరిచిపోని,
ఐసిల్డా.

తా.క.: గుమ్మంలో నిలబడుతోందన్నది అబద్ధం. అది రావడం లేదు. ఒక్కసారైనా రాలేదు. గంట కొట్టగానే మీ క్లాసుకు వస్తుంది, ఊళ్ళో పిల్లలందరినీ పలకరిస్తుంది. ఆ అమెరికా గొంతుతో అది నాతో ఎన్నడూ మాట్లాడలేదు. ఇది నా పిల్లేనా అని కిటికీ దగ్గర అనుమానపడ్డాను, దేవుడు నన్ను క్షమించాలి. మీ విద్యార్థిని ఒకమ్మాయి చెప్పింది, పాఠం మధ్యలో అది మన యాసలోకి జారిపోయి పకపకా నవ్విన ముక్కలు పనికిరావని పక్కన పడేశారట. చెరపమన్నవి చెరపకండి, దేశానికే ఇచ్చుకోండి. ఆ పనికిరానివి నాకివ్వండి.