గాలి తగిలే జాగ

కల్వకుర్తి పక్క మన ఊరు
ఉగాది పోయిన ఆదివారం

నా బంగారు కొడుకు పరశురాంకు, అమ్మ జానమ్మ రాసేది.

మంచిగున్నవా బిడ్డా. నేను ఉన్న. మోకాళ్లున్నయి, నొప్పులున్నయి, చెవులే లేవు. నిన్న నువ్వు ఫోన్ల ఏదో అన్నవు, నాకు తుమ్మెద మూలిగినట్టు వినపడ్డది. అందుకే మళ్ల కాయితమే నయమనిపించింది. రాత్రి బడిల నేర్చిన అక్షరాలు, వంకర పోతే నవ్వకు.

ఒకటి అడుగుత, దాచకుండ చెప్పు. మొన్న నువ్వు వచ్చి పోయినంక వాకిలి ఊడ్వబోతే, బండి నిలబెట్టిన కాడ ఎర్రగ చుక్కలున్నయి. గొర్రెపిల్లకు దెబ్బ తాకిందా అనుకున్న. తర్వాత నీ కాలు యాదికొచ్చింది. బోరు బండి పైపు పడి నలిగిన ఆ ఎడమ కాలు మళ్ల పగిలిందా, నాకు చెప్పకుండ గుడ్డ చుట్టుకొని తిరుగుతున్నవా. ఆఖరికి తొవ్వల ఎవరినన్న గుద్దినవా అని కూడ అనుకున్న, నా నోట్ల మన్ను పడ. పక్కింటి అండాలును పిలిచి చూపిస్తే, నీకు ఫికర్ లేని రోజు ఉన్నదా ముసల్దానా అని అలుకు చల్లి పోయింది. చల్లితే చుక్కలు పోయినయి గని నా ఫికర్ పోలే.

ఈ కాయితం గొర్ల బేరగాడు హనుమంతుకు ఇస్తున్న. వాడు మీ నకిరేకల్ దిక్కు వస్తనే ఉంటడు కదా. జవాబు వాని చేతికే ఇయ్యి. తింటున్నవా లేదా అది కూడ రాయి.

నీ తొవ్వ చూసుకుంట కూసున్న
అమ్మ

*

నకిరేకల్

ప్రియమైన అమ్మకు,

అది రక్తం కాదు. గేరు నూనె. నా బండి నూనె ఎర్రగనే ఉంటది. కాలు మంచిగనే ఉంది, ఎవరినీ గుద్దలే, మూడు పూటల తింటున్న. ముందుగాల ఇది చదివి నీళ్లు తాగు, తర్వాత మిగతాది చదువు.

నాది క్లచ్ తొక్కే పని లేని బండి అని నీకు తెలుసు. గేర్లు వాటికవే మారుతయి, ఎడమ కాలుతోని పని లేదు. అందుకే కదా కొన్నది. ఆ గేర్లకు ఎర్ర నూనెనే పానం. హుజూర్‌నగర్ దిక్కు కోసిన మడ్లల్ల మనోళ్ల మందలు దిగినయి. ఒక రైతు మడిల ఎరువుకు మంద పండితే, తెల్లారి ఇంకో రైతు పిలుస్తడు. నడవలేని పిల్లలను, ఈనే గొర్రెలను నేనే మోస్తున్న. గీ ఎండకు, గా బరువుకు నూనె కాగిపోయి కారుతాంది. గిట్లనే నడిపితే గేరుపెట్టె కాలిపోతదని షెడ్డు మారయ్య అన్నడు. అది కాలితే ఇగ బండి లేనట్టే.

అందుకే నూనెను పైపుతోని బయటికి తెచ్చి, డబ్బా అసుంటి ఫిల్టర్ల నుంచి పంపుతడట. మురికి అండ్ల ఆగుతది. అక్కడి నుంచి బండి ముందర జాలీ వెనక పెట్టిన చిన్న కూలర్‌లకు పోతది. బండి ఉరుకుతుంటే గాలి తగిలి నూనె సల్లబడి మళ్ల గేరుపెట్టెలకు వస్తది. నువ్వు కాగిన పాలను గిన్నెల నుంచి గిన్నెలకు పోసి సల్లార్చినట్టే అనుకో.

పని అయినంక తెచ్చి చూపిస్త. ఫికర్ పెట్టుకోకు అంటే పెట్టుకుంటవు, అందుకే అంటలేను.

నీ కొడుకు
పరశురాం

*

మన ఊరు
సోమారం

పరశూ, నా తండ్రీ,

నువ్వు చూపిచ్చినవు, నేను చూసిన, మనసు మాత్రం కుదురలే. కడుపుల ఉండాల్సిన పేగులను బయట పెట్టినట్టుంది ఆ పైపులు. రాయి తగిలితే ఏమిగాను. కంపచెట్టు గీరితే ఏమిగాను. పైగ వాడకట్టంత వచ్చి చూసె. కాలు పోయినోడు ఎంత పని చేసిండే అన్నది అండాలు. ఆమె మంచిదే, ఆమె నోరే మంచిది కాదు.

అందుకే నువ్వు తిని ఒరిగినప్పుడు ఒక పని చేసిన. పోయినసారి నిమ్మకాయ కడితే తెంపి పారేసినవు కదా. ఈసారి నీ కండ్ల పడకుండ చేసిన. మీ బాపు గొంగడి అంచు కోసి, జాలీ సందుల నుంచి లోపలికి దోపి, ఆ చిన్న కూలర్ నిండుగ కప్పి నల్లదారంతోని కట్టిన. మీ బాపు కురుమయ్య పోయిన కాడి నుంచి ఆ గొంగడికి కత్తి తాకియ్యలే నేను. వానకు ఎండకు ఆయన దాని కిందనే బతికిండు. మందల ఈనిన పిల్లను ముందు అండ్లనే చుట్టేది. ఇగ దానికి రాయి తగలదు, దిష్టి తగలదు. తీయకు.

ఆ బండి పోతే ఏమయితదో నాకు తెలుసు. కాలు నలిగినంక నువ్వు అరుగు మీద గోడకు ఆనుకొని కూసున్నవు. పెడితే తిన్నవు, పెట్టకుంటే అడగలే. బండి వచ్చినంకనే నీ నోట్ల నుంచి నవ్వు విన్న, అప్పటికి నా చెవులు ఇంకా జర పనిచేస్తుండె. నువ్వు పోయిన తెల్లారి ఆ గోడకు సున్నం కొట్టిన. నీ వీపు ఆనిన మరక ఆరేసరికి మళ్ల తేలింది. నిన్ను మళ్ల అక్కడ చూసే బలం నాకు లేదు బిడ్డా.

పైలం
నీ అమ్మ

*

మన ఊరు

కొడుకా,

జవాబు లేదు. హనుమంతు వచ్చిండు. నీ బండి సూర్యాపేట తొవ్వల ఆగి ఉన్నదన్నడు. కాయితం రోడ్డు మీదనే నీ చేతికి ఇచ్చిండట. నువ్వు గొర్రెపిల్లలను దించుతున్నవట. ఇంకేమో చెప్పిండు, వాని పెదవులు కదిలినయి గని నాకు ఎక్కలే. రెండోసారి అడిగితే చెయ్యి ఊపి పోయిండు.

మిట్ట మధ్యాహ్నం ఎండ. గొర్రెపిల్లలు. నీ కాలు. నాకు కూడు దిగుతలేదు. పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోతే మాడింది. ఆ వాసనకు అండాలు ఉరికొచ్చింది.

బాపు గొంగడి ఉన్నా గిట్లయిందంటే ఇగ నేను ఏం చేయాలె. పోతే పోనియ్యి ఆ బండి. నువ్వు రా. గోడకు కూసున్నా సరే, పక్కకు నేను కూడ కూసుంట.

ఒక్క ముక్క రాయి. బతికే ఉన్న అని రాసినా చాలు.

అలిసిపోయిన
అమ్మ

*

నకిరేకల్

అమ్మా,

బతికే ఉన్న. బండి కూడ.

ఆరోజు నూనె కాగి గేరు పట్టు ఇడిచింది. బండి మొరుగుతాంది గని ముందుకు పోతలేదు. కూలర్‌కు గడ్డి, దుమ్ము పట్టి గాలి ఆగిందట. మారయ్య వచ్చి నూనె తీస్తే మాడిన వాసన, ఎరుపు పోయి నల్లగైంది. ఫిల్టర్ కోసి చూస్తే మసి అంత అండ్లనే ఆగి ఉంది. ఇది గనక బయట పెట్టకపోతే నీ గేరుపెట్టె ఈ రోడ్డు మీదనే పోయేది అన్నడు. కొత్త నూనె పోసి, కొత్త ఫిల్టర్ బిగించిండు. ఇప్పుడు సల్లగ నడుస్తాంది.

పిల్లలు ఒక్కటి కూడ పోలే. వేపచెట్టు దూరముండె, రెండు సంకలల్ల రెండు పెట్టుకొని మోసిన. తిరిగి తిరిగి మోసిన. కాలు నొచ్చింది గని నన్ను కింద పడెయ్యలే. మళ్ల కూసోవాల్నేమో అని నాకు కూడ భయముండె అమ్మా, నీకొక్కదానికే కాదు. ఆరోజు కూసునే తీరిక దొరకలే, గంతే.

హనుమంతు కాయితం ఇచ్చింది నిజమే. ఆ గడబిడల చదవక ముందే లారీ గాలికి కొట్టుకపోయింది. అండ్ల ఏం రాసినవో తెల్వది. పెద్ద సంగతి అయితే మళ్ల రాయి.

గోడకు సున్నం ఒక్కసారి కొడితే మరక పోదు. రెండో పూత నేను వచ్చి కొడత.

నీ కొడుకు
పరశురాం

*

మన ఊరు
బేస్తవారం

నా అబద్ధాల కొడుకుకు,

నీ కాయితం ముందు ఒకసారి చదివి ఏడ్చిన. తర్వాత అండాలుతోని చదివిచ్చుకొని ఇంకోసారి ఏడ్చిన. మూడోసారి నేనే వేలు పెట్టుకుంట చదివితే సున్నం కాడ ఆగిపోయిన.

గోడకు సున్నం కొట్టినట్టు, మరక మళ్ల తేలినట్టు నేను ఆ కాయితంలనే రాసిన. గాలికి కొట్టుకపోయిన కాయితంలది నీకెట్ల తెలిసె?

గొంగడికి గడ్డి అని పేరు పెట్టినవు. మీ బాపు గిట్లనే చేసేది. నేను మూత పెట్టుడు మరిచి పాలు పిల్లి తాగినా, నేనే తాగిన అనేది. ఆయనకు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేటియి. నీకు కూడ అంతే. కాయితం మీద చెవులు కనపడయి గదా అని నీ ధైర్యం.

ఆ ముక్క పారేయకు. నల్లగ మాడినా, నూనె వాసన వచ్చినా సరే, తీసుకరా. ఉతికి మళ్ల దాని అంచుకే కుడత.

ఈసారి వచ్చినప్పుడు నన్ను బండి ముందర నిలబెట్టి, గాలి ఎక్కడెక్కడ తగలాల్నో చెయ్యి పట్టి చూపియ్యి. గా జాగ ఇడిచిపెట్టి నా నిమ్మకాయ కట్టుకుంట. తెంపితే మాత్రం ఊకోను.

సున్నం నానబోసిన. కుండల కుతకుత ఉడుకుతాంది. అది సల్లారే యాల్లకు రా.

అమ్మ